భక్తుడికి ఓటుంది, దేవుడికి లేదు: మీ ప్రశ్నలు, నా జవాబులు

పోయిన సంచికలో సెక్యులరిజం మీద ఒకాయన అడిగినదానికి నేను రెండు ముక్కలు రాసి ఊరుకున్నాను, నేను ఊరుకున్నా గానీ మీరు ఊరుకోలేదు. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగం అదే గొడవ. మతవిశ్వాసం, లిబరల్ డెమోక్రసీ ఈ రెండూ ఒకే ఇంట్లో కాపరం చేయగలవా అని. పెద్ద ఉత్తరాల్ని కాస్త కత్తిరించాను, ఏమనుకోకండి.

ప్రశ్న: సార్, నేను దైవభక్తి ఉన్న మనిషిని. ఏ మతమో చెప్పను, ఈ ప్రశ్నకి అది అనవసరం. మా అబ్బాయి పొలిటికల్ సైన్స్ చదువుతున్నాడు. మొన్న వాడు "నాన్నా, నీ మతం చెప్పేదే నిజమని నువ్వు గట్టిగా నమ్మితే, తప్పుదారిలో పోతున్నవాళ్ళకి కూడా నీతో సమానంగా హక్కులుండాలని ఎలా అంటావు, ఈ రెండిట్లో ఏదో ఒకటి నటనే కదా" అన్నాడు. నాకు నోట మాట రాలేదు. వాడు చెప్పింది కరెక్టేనా?

జవాబు: మీ అబ్బాయి మంచి ప్రశ్నే వేశాడండీ, కోప్పడకండి. కాకపోతే అందులో చిన్న తిరకాసు ఉంది. ఓటు పెట్టేది ఏది నిజమో తేల్చడానికి అని వాడు అనుకుంటున్నాడు. కాదు. మెజారిటీ వచ్చిందని రెండు రెళ్ళు ఐదు అయిపోవు, ఆ సంగతి ఓడిపోయిన ప్రతి పార్టీకీ తెలుసు. ఓటు తేల్చేదల్లా వచ్చే కొన్నేళ్ళు పోలీసులు ఎవరి మాట వినాలి, పన్నుల డబ్బు ఎవరు ఖర్చు పెట్టాలి, అంతే. మీ దేవుడు ఉన్నాడా లేడా అన్నది బ్యాలెట్ మీద ఉండదు, ఉండకూడదు కూడా. 'లిబరల్' అన్న ముక్క వచ్చి తగులుకునేది ఇక్కడే. డెమోక్రసీ అంటే తలలు లెక్కపెట్టడం. లిబరల్ అంటే కొన్ని విషయాల్లో తలలు లెక్కపెట్టబోమని ముందే ఒప్పుకోవడం. ఎవడి నమ్మకం వాడిది అన్నది ఆ లిస్టులో మొదటిది.

ఇంకో సంగతి, ఈ ఒప్పందం భక్తి లేనివాళ్ళు కూర్చుని భక్తుల నెత్తిన రుద్దింది అని చాలామంది అనుకుంటారు. రోజర్ విలియమ్స్ అని ఒకాయన ఉండేవాడు, 17వ శతాబ్దం, ఇంగ్లండ్ నుంచి అమెరికా వెళ్ళిన ప్యూరిటన్ పాస్టర్, అంటే చర్చిలో ఏ కల్తీ ఉండకూడదనే కఠిన ప్రొటెస్టెంట్ శాఖవాడు. మామూలు నిష్ఠ కాదు ఆయనది, పక్కవాళ్ళ భక్తిలో నలుసంత కల్తీ కనిపించినా వాళ్ళతో కలిసి ప్రార్థన చేయనని మొండికేసే రకం. ప్రభుత్వానికి జనం ఆత్మల మీద అధికారం లేదన్నందుకు మసాచుసెట్స్ వాళ్ళు 1635లో ఆయన్ని వెలేశారు. ఆయన మంచులో నడుచుకుంటూ పోయి 1636లో ప్రావిడెన్స్ అనే ఊరు పెట్టాడు, అక్కడ ఎవరి మతం వాళ్ళది. చర్చి ఒక తోట, లోకం ఒక అడవి, మధ్యలో గోడ ఉండాలి అన్నది ఆయన మాటే. గమనించండి, ఆ గోడ ప్రభుత్వాన్ని మతం నుంచి కాపాడటానికి కాదు, తోటలోకి అడవి రాకుండా.

ఇక మీవాడి ప్రశ్నకి సూటిగా సరిపోయేది ఇదిగో. అప్పట్లో క్వేకర్లు అని కొత్తగా ఒక క్రైస్తవ శాఖ పుట్టింది. విలియమ్స్‌ని వెలేసిన మసాచుసెట్స్‌లోనే, బోస్టన్‌లో, 1659 నుంచి 1661 లోపల నలుగురు క్వేకర్లని ఉరితీశారు, అందులో మేరీ డయ్యర్ అనే ఆవిడ కూడా ఉంది. విలియమ్స్‌కి కూడా క్వేకర్లంటే ఒళ్ళుమంట, వాళ్ళు చెప్పేది పచ్చి తప్పు అని ఆయన పుస్తకమే రాశాడు. కానీ ఆయన ప్రావిడెన్స్ ఉన్న రోడ్ ఐలండ్ కాలనీలో వాళ్ళమీద చెయ్యి వేయలేదు, పక్క కాలనీల వాళ్ళు వెళ్ళగొట్టమని ఒత్తిడి చేసినా వినలేదు. మరేం చేశాడు? 1672లో, దాదాపు 70 ఏళ్ళ వయసులో, రోజంతా తనే పడవ తెడ్డు వేసుకుంటూ న్యూపోర్ట్ దాకా పోయి వాళ్ళతో బహిరంగంగా వాదన పెట్టుకున్నాడు. రోజుల తరబడి వాదించాడు. ఎవరూ మారలేదు, ఎవరూ చావలేదు కూడా. ఆయన నటిస్తున్నాడని మీ అబ్బాయి అంటాడా, అడగండి. నమ్మకంలో బోస్టన్ వాళ్ళకంటే ఆయన ఒక పిసరు ఎక్కువే గానీ తక్కువ కాదు, ఆయన వదిలింది ఉరితాడు ఒక్కటే.

జాన్ లాక్ అనే ఇంగ్లీషు తత్వవేత్త 1689లో సహనం గురించి రాసిన లేఖలో ఇదే మాట ఇంకొంచెం లాయర్ పద్ధతిలో చెప్పాడు. కత్తి చూపిస్తే మనిషి పైకి తల ఊపుతాడు, లోపల నమ్మడు, లోపల నమ్మని భక్తి దేవుడికి పనికిరాదు, కాబట్టి ఈ పని ప్రభుత్వానికి చేతకాదు అని. బాగానే ఉంది, కానీ నాస్తికుల్ని మాత్రం సహించక్కర్లేదు అని ఆయనే రాశాడు. దాని సంగతి ఇంకో ఉత్తరంలో వస్తుంది.

కాథలిక్ చర్చి కథ అన్నిటికన్నా పొడుగు. 1864లో పోప్ తొమ్మిదో పయస్ తప్పుల జాబితా అని ఒకటి విడుదల చేశాడు, మతం ఎంచుకునే స్వేచ్ఛ, చర్చిని రాజ్యాన్ని విడదీయడం ఇవన్నీ అందులో తప్పులే. సరిగ్గా 101 ఏళ్ళ తర్వాత, 1965 డిసెంబరులో, వాటికన్ మహాసభలో బిషప్పులు మతస్వేచ్ఛ ప్రతి మనిషి హక్కు అని ఓటేశారు, 2308 మంది అవును, 70 మంది కాదు. ఆ ప్రకటన రాయడంలో పెద్ద చెయ్యి జాన్ కోర్ట్నీ మర్రే అనే జెసూట్ ఫాదర్‌ది, పదేళ్ళ ముందు ఇదే విషయం మీద ఇక రాయొద్దని పైవాళ్ళు ఆయన నోరు మూయించారు, అదొక తమాషా. నేను చెప్పదలుచుకున్నది ఇది కాదు. ఆ ప్రకటన మొదట్లోనే ఏకైక సత్యమతం మాదే అని కూడా రాసి ఉంది. అంటే సత్యం మీద వాళ్ళు ఒక్క అంగుళం వెనక్కి తగ్గలేదు, బలవంతం ఒక్కటి వదిలారు.

మీ అబ్బాయితో ఇది చెప్పండి. కానీ ఇదేదో తేలికైన పని అని మాత్రం చెప్పకండి. కళ్ళముందు మనవాడు అనుకున్నవాడు తప్పుదారిలో పోతున్నాడని మీరు నమ్ముతూ, వాదించి, బతిమాలి, ఏడ్చి, అయినా పోలీసుని పిలవకుండా ఉండటం, అది భక్తుడికి నిజంగా బరువే. భక్తి లేనివాళ్ళకి ఈ బరువు అర్థం కాక 'ఇందులో ఏముంది' అంటుంటారు. ఉంది.

ప్రశ్న: అసలు మతాన్ని రాజకీయాల్లోంచి పూర్తిగా పీకేస్తే ఈ తలనొప్పే ఉండదు కదా సార్? ఇంట్లో పెట్టుకోండి, బయటికి తేకండి అంటే సరి.

జవాబు: చెప్పడానికి బాగుంటుంది. అప్పుడు మార్టిన్ లూథర్ కింగ్‌ని కూడా ఇంట్లో కూర్చోమనాలి. ఆయన పాస్టర్. 1963లో బర్మింగ్‌హామ్ జైల్లో కూర్చుని రాసిన లేఖలో అన్యాయమైన చట్టం చట్టమే కాదు అని సెయింట్ అగస్టిన్‌ని, థామస్ అక్వినాస్‌ని సాక్ష్యం తెచ్చుకున్నాడు. ఆ వాక్యాలు కొట్టేస్తే ఆ ఉద్యమంలో సగం ఊపిరి పోతుంది.

అలాగని మతం వస్తే మంచే వస్తుందని నేననను. అమెరికాలో సదరన్ బాప్టిస్టులు 1845లో విడిపోయి సొంత కుంపటి పెట్టుకున్నది బానిసల్ని ఉంచుకునే హక్కు కోసం, చేతిలో అదే బైబిల్. దానికి వాళ్ళు క్షమాపణ చెప్పింది 1995లో, లెక్క వేసుకోండి, 150 ఏళ్ళు.

కాబట్టి ప్రశ్న మతం రావాలా వద్దా అని కాదు, వచ్చి ఏ భాషలో మాట్లాడాలి అని. జాన్ రాల్స్ అనే అమెరికన్ తత్వవేత్త ఏమన్నాడంటే నీ మతం ప్రకారం వాదించుకో ఫర్వాలేదు, కానీ ఎక్కడో ఒకచోట నీ మతం లేనివాడు కూడా ఒప్పుకోగల కారణం చూపించు అని. హాబర్మాస్ అనే జర్మన్ తత్వవేత్త ఇంకొంచెం పట్టు సడలించాడు. వీధిలో, మీటింగుల్లో, పేపర్లలో ఎవరి భాషలో వాళ్ళు మాట్లాడుకోండి, పార్లమెంటు, కోర్టు, ఆఫీసు గడప దాటేటప్పుడు మాత్రం దాన్ని అందరి భాషలోకి మార్చండి, అది కూడా భక్తులొక్కళ్ళే చేయడం కాదు, భక్తి లేనివాళ్ళు కూడా చెవి ఒగ్గి సాయం చేయాలి అన్నాడు. ఈయన మతం లేని మనిషి. 2004 జనవరిలో మ్యూనిక్‌లో ఈయనా కార్డినల్ రాట్జింగర్ ఎదురెదురుగా కూర్చుని దీని గురించే మాట్లాడుకున్నారు, మరుసటేడు ఆ కార్డినల్ పోప్ అయ్యాడు. ఒకరినొకరు తిట్టుకోలేదు, మన టీవీ డిబేట్లకి అలవాటు పడ్డవాళ్ళకి ఇది వింతగా ఉంటుంది.

నా ఓటు హాబర్మాస్‌కే. ఉదాహరణకి ఆదివారం సెలవు చట్టాలు చూడండి. ఆరోజు కొట్లు మూయాలని దేవుడి ఆజ్ఞ అంటే వేరే మతంవాడికి పట్టదు. మనిషికి వారంలో ఒకరోజు, అది కూడా ఇంటిల్లిపాదికీ ఒకేరోజు, విశ్రాంతి కావాలి అంటే పడుతుంది. 1961లో అమెరికా సుప్రీంకోర్టు ఆ చట్టాల్ని ఈ రెండో కారణం మీదే నిలబెట్టింది. శనివారం సబ్బాత్ (మతపరమైన విశ్రాంతి దినం) పాటించే యూదు వ్యాపారి రెండు రోజులు కొట్టు కట్టేసుకోవాల్సి వచ్చింది, ఆయన నష్టాన్ని మాత్రం కోర్టు సరిగ్గా పట్టించుకోలేదని నా అభిప్రాయం. మాట మార్చినంత మాత్రాన అన్యాయం పోదన్నమాట, ఆ చిక్కు అలాగే ఉంది.

ప్రశ్న: ఇంగ్లండ్‌లో రాజే చర్చికి పెద్ద, బిషప్పులు పార్లమెంటులో కూర్చుంటారు. దాన్ని డెమోక్రసీ అంటారు. మిగతావాళ్ళకి మాత్రం మతాన్ని విడదీయండని లెక్చర్లు. ఇదేం న్యాయం?

జవాబు: నిజమే, లార్డ్స్ సభలో 26 మంది బిషప్పులకి సీట్లున్నాయి. డెన్మార్క్ రాజ్యాంగంలో లూథరన్ చర్చికి ప్రత్యేక స్థానం ఉంది. స్వీడన్ 2000లో విడదీసింది, నార్వే 2012లో రాజ్యాంగం మార్చుకుంది, ఫ్రాన్స్ 1905లోనే కత్తిరించేసింది. ఇంకోపక్క సోవియట్ రష్యా 1918లోనే చర్చిని రాజ్యాన్ని విడదీస్తూ డిక్రీ ఇచ్చింది, 1931లో మాస్కోలో పెద్ద కేథడ్రల్‌ని డైనమైట్ పెట్టి పేల్చేసింది. కాగితం మీద గోడ ఎంత ఎత్తుందో చూసి డెమోక్రసీని కొలిస్తే డెన్మార్క్ కంటే స్టాలిన్ గొప్ప డెమోక్రాట్ అవుతాడు.

నేను చూసేది వేరే. ఆ దేశపు అధికార మతం కానివాడు ఏం పోగొట్టుకుంటున్నాడు? ఇంగ్లండ్‌లో ఒకప్పుడు చాలా పోగొట్టుకునేవాడు. కాథలిక్కులు పార్లమెంటులో కూర్చోగలిగింది 1829 నుంచి. లయనెల్ డి రోత్‌షీల్డ్ అనే యూదుడు 1847లో గెలిచాడు, క్రైస్తవుడి ప్రమాణం చేయనన్నందుకు 1858 దాకా సీటు ఇవ్వలేదు. చర్చి అక్కడే ఉంది, బిషప్పులూ అక్కడే ఉన్నారు, కోరలు ఒక్కొక్కటే ఊడిపోయాయి. ఆ 26 సీట్లు కూడా తీసేస్తే మంచిదే అంటాను నేను, కానీ అవి ఉండటం వల్ల ఇవాళ అక్కడ ఎవరి బతుకూ ఆగిపోవట్లేదు.

ప్రశ్న: ఇంతకీ మీరు దేవుణ్ణి నమ్ముతారా లేదా? డొంకతిరుగుడు వద్దు.

జవాబు: ఓటు ఎవరికేశానో కూడా చెప్పను.

ప్రశ్న: నేను నాస్తికురాలిని. దేవుడి భయం లేనివాళ్ళని నమ్మకూడదని మా ఆఫీసులో ఒకాయన మొహం మీదే అంటారు. ప్రజాస్వామ్యానికి కూడా దేవుడి భయం ఉండాలంటారా?

జవాబు: మీ ఆఫీసు ఆయనకి తోడు పెద్దవాడే ఉన్నాడమ్మా, పైన చెప్పానే జాన్ లాక్. దేవుణ్ణి నమ్మనివాడి ప్రమాణానికి విలువేముంది అన్నదే లాక్ వాదన. దాన్ని బద్దలు కొట్టడానికి ఇంకో రెండు వందల ఏళ్ళు పట్టింది. చార్లెస్ బ్రాడ్లా అని నాస్తికుడు 1880లో బ్రిటిష్ పార్లమెంటుకి గెలిచాడు. దేవుడి పేరు లేకుండా మాట ఇస్తానన్నాడు, కుదరదన్నారు. సరే మీ ప్రమాణమే చేస్తానన్నాడు, నువ్వు నమ్మవు కాబట్టి అదీ కుదరదన్నారు! ఒక రాత్రి పార్లమెంటు గడియారం టవర్‌లో బంధించారు కూడా. సీటు ఖాళీ అని ప్రకటించడం, ఆయన మళ్ళీ నిలబడటం, అదే ఊరి జనం మళ్ళీ గెలిపించడం, ఇలా ఆరేళ్ళు. చివరికి 1886లో కూర్చున్నాడు, 1888లో చట్టమే మారింది.

ఇందులో నాకు బాగా నచ్చే పాత్ర బ్రాడ్లా కాదు, గ్లాడ్‌స్టన్. ప్రధానమంత్రి, మహా భక్తుడు, బ్రాడ్లా రాసే రాతలంటే అసహ్యం. అయినా 1883లో బ్రాడ్లా లాంటివాళ్ళ కోసం తెచ్చిన బిల్లు మీద లేచి గంటకి పైగా మాట్లాడాడు. 3 ఓట్ల తేడాతో ఆ బిల్లు ఓడిపోయింది. తన పార్టీకి నష్టం, తన దేవుణ్ణి తిట్టేవాడికి లాభం, అయినా చేశాడు. దేవుడి భయం ఉన్నవాళ్ళలో ఇలాంటివాళ్ళూ ఉంటారని మీ ఆయనకి చెప్పండి. (మీ ఆయన అంటే ఆఫీసు ఆయన.) అన్నట్టు 1891లో లండన్‌కి దగ్గర్లో జరిగిన బ్రాడ్లా అంత్యక్రియలకి వెళ్ళినవాళ్ళలో 21 ఏళ్ళ మోహన్‌దాస్ గాంధీ ఒకడు. అంతకన్నా భక్తుణ్ణి మీ ఆఫీసు ఆయన చూపించలేడు.

ప్రశ్న: చట్టం అందరికీ ఒకటే అయినప్పుడు 'మా మతం ఒప్పుకోదు' అనేవాళ్ళకి మినహాయింపులు ఎందుకు సార్? రేపు పన్ను కట్టడం మా మతం ఒప్పుకోదు అని నేనూ అంటాను.

జవాబు: అనండి, ఒప్పుకోరు. కానీ అన్నీ పన్నులాంటివి కావు. అమెరికాలో యెహోవా సాక్షులు అనే క్రైస్తవ శాఖ పిల్లలు బళ్ళో జెండాకి సెల్యూట్ చేయం అన్నారు, విగ్రహారాధనతో సమానమని వాళ్ళ నమ్మకం. 1940లో అక్కడి సుప్రీంకోర్టు 8-1తో చేయాల్సిందే అంది. ఆ తీర్పు తర్వాత వాళ్ళ మీద దాడులు మొదలయ్యాయి, కొట్టారు, ఇళ్ళు తగలబెట్టారు. మూడేళ్ళు తిరిగేసరికి, 1943లో, ప్రపంచయుద్ధం మధ్యలో, ఊరంతా జెండాలు ఊపుతున్న టైంలో, అదే కోర్టు 6-3తో తన తీర్పు తనే కొట్టేసుకుంది. ఏది సరైన నమ్మకమో చెప్పే అధికారం పెద్దా చిన్నా ఏ అధికారికీ లేదు అంది.

మన దగ్గర కూడా సరిగ్గా ఇలాంటిదే జరిగింది. కేరళలో అదే మతానికి చెందిన ముగ్గురు పిల్లలు జాతీయగీతం వచ్చినప్పుడు మర్యాదగా లేచి నిలబడేవాళ్ళు, పాడేవాళ్ళు కాదు. బడి నుంచి తీసేశారు. 1986లో సుప్రీంకోర్టు తిరిగి చేర్చుకోమంది. తీర్పు రాసింది జస్టిస్ ఓ.చిన్నపరెడ్డి, మన తెలుగాయనే. మన సంప్రదాయం సహనం నేర్పుతుంది, మన తత్వం సహనం బోధిస్తుంది, మన రాజ్యాంగం సహనాన్ని ఆచరిస్తుంది, దాన్ని పల్చన చేయొద్దు అని ముగించారు. ఇప్పటికీ ఆ తీర్పు అంటే గింజుకునేవాళ్ళున్నారు, నాకైతే మన కోర్టు తలెత్తుకునే పనుల్లో అదొకటి.

హద్దు ఎక్కడ అంటారా? 1944లో, అమెరికాలో ఆ రెండో జెండా తీర్పు వచ్చిన మరుసటేడే, అదే యెహోవా సాక్షులు ఒక కేసు ఓడిపోయారు. తొమ్మిదేళ్ళ పాపని రాత్రిపూట వీధిలో మత పత్రికలు పంచడానికి నిలబెట్టారు. పెద్దవాళ్ళు తమకు తాము బలిదానం చేసుకోవచ్చు, పిల్లల్ని బలి ఇవ్వడానికి మాత్రం స్వేచ్ఛ లేదు అంది కోర్టు. పాడని పిల్లాడి వల్ల పక్క పిల్లాడికి పోయేదేం లేదు. పన్ను ఎగ్గొడితే ఆ భారం నా మీద పడుతుంది. రక్తం ఎక్కించుకోనని పెద్దవాడు తన ఒంటి గురించి చెప్తే డాక్టర్లు ఆగాలి, బిడ్డకి ఎక్కించొద్దంటే ఆగక్కర్లేదు. మధ్యలో కేసులు వందలున్నాయి, అవన్నీ ఒక్క సూత్రంతో తెగవు, తెగుతాయని చెప్పేవాళ్ళని నమ్మకండి.

ప్రశ్న: ఇవన్నీ సరే. మతపార్టీ ఓట్లతో గెలిచి, గెలిచాక ఎన్నికలే ఎత్తేస్తే? ముందే ఆపడం మంచిది కాదా?

జవాబు: అల్జీరియాలో సరిగ్గా ఆ భయంతోనే ఆపారు. 1991 డిసెంబరులో మొదటి రౌండ్‌లో ఇస్లామిక్ సాల్వేషన్ ఫ్రంట్ ఊడ్చేసింది, 1992 జనవరిలో సైన్యం రెండో రౌండ్ రద్దు చేసింది. ఆ పార్టీలో డెమోక్రసీయే మతవిరుద్ధం అని పబ్లిగ్గా అన్న నాయకులున్నారు, కాబట్టి భయం ఉత్తిది అనను. కానీ ఆపాక ఏమైంది, పదేళ్ళ అంతర్యుద్ధం, లక్షకి పైగా శవాలు. డెమోక్రసీ దక్కిందా అంటే అదీ లేదు.

పక్కనే ట్యునీషియా. 2011లో నియంత బెన్ అలీ పారిపోయాక నహ్దా అనే ఇస్లామిక్ పార్టీ ఎన్నికల్లో మొదటి స్థానంలో వచ్చింది. అందరూ ఇదే ప్రశ్న వేశారు, ఇక దిగుతారా అని. రాజ్యాంగంలో షరియా పెట్టాలని లోపల గొడవ పడి, చివరికి వదిలేశారు. 2014 జనవరిలో ఆమోదించిన రాజ్యాంగంలో అంతరాత్మ స్వేచ్ఛ అన్న మాట రాసుకున్నారు, అరబ్ దేశాల్లో చాలా అరుదైన మాట అది. రెండు రాజకీయ హత్యలు, వీధుల్లో నిరసనలు, సంప్రదింపులు, ఆఖరికి అదే నెలలో కుర్చీ దిగి పార్టీలతో సంబంధం లేని ప్రభుత్వానికి అప్పజెప్పారు.

మరి అక్కడ పార్లమెంటుకి తాళం వేసింది ఎవరు? 2021 జులైలో అధ్యక్షుడు కైస్ సయీద్. మతపార్టీ మనిషి కాదు, రాజ్యాంగం పాఠాలు చెప్పిన లా ప్రొఫెసర్. నహ్దా నాయకుడు గన్నూషీని 2023లో జైల్లో పెట్టారు. అందుకని నేను పార్టీ పేరులో దేవుడున్నాడా లేడా అని చూడటం మానేశాను. కోర్టుని, పేపర్లని, ఎన్నికల అధికారుల్ని ఏం చేస్తున్నారు, ఓడితే దిగుతారా, ఈ రెండు మాత్రం చూస్తాను. గన్నూషీ వాళ్ళు దిగారు, ప్రొఫెసర్‌గారు దిగలేదు.